పేనుబంక ఎంగిలి: బొప్పాయి తోటకు వైరస్ రాకుండా ఎలా చూసుకోవాలి

"అన్నా, నా తోటలో ఒక్క పేను కూడా కనపడలేదు. మరి ఈ రోగం యాడి నుంచి వచ్చింది?"

పక్క పొలం రైతు ఈ మాట అడిగినప్పుడు ఇద్దరం అతని బొప్పాయి తోటలో నిలబడి ఉన్నాం. నాటి ఐదు నెలలైన తోట. కొసాకులు వెడల్పు పోయి తాళ్ల మాదిరి వేలాడుతున్నాయి. ఆకు కాడల మీద నూనె చుక్క జారినట్టు ముదురు ఆకుపచ్చ గీతలు. చేతికొస్తున్న కాయల మీద చిన్న చిన్న ఉంగరాలు. వారానికొకసారి మందు కొట్టాడు, ఖర్చుకు వెనకాడలేదు. అయినా సగం చెట్లకు పాకింది.

అతను చెప్పింది అక్షరాలా నిజం. బొప్పాయి ఆకు తిప్పి చూస్తే పేనుబంక, అంటే ఆకు రసం పీల్చే చిన్న పురుగు, గుంపులుగా కనపడదు. ఎందుకంటే బొప్పాయి దాని తిండి కాదు. తినడానికి రాని పురుగు తోటనెలా పాడుచేస్తుందో తెలిస్తేనే మనం చేసే పనులకు అర్థం ఉంటుంది. తెలియకపోతే డబ్బా మీద డబ్బా మందు కొట్టడమే మిగులుతుంది. అందుకే ముందు ఆ సంగతి, తర్వాత పనులు చెబుతాను.

ఈ జబ్బు పేరు బొప్పాయి రింగ్‌స్పాట్ వైరస్. తెలుగులో ఉంగరపు మచ్చ తెగులు అంటారు, మనం పొలంలో 'వైరస్' అనేస్తాం. మన దేశంలో 1958లోనే పశ్చిమ ప్రాంతంలో దీన్ని గుర్తించారు. ఇప్పుడు రైల్వే కోడూరు, రాజంపేట, అనంతపురం వైపు బొప్పాయి వేసే ఎవరికీ దీన్ని పరిచయం చేయక్కర్లేదు. మనం ఎక్కువగా వేసే రెడ్ లేడీ రకానికి కూడా ఇది సోకుతుంది.

ముందు పేనుబంకను దగ్గరగా చూడండి

పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఒకటి కొనండి. పెద్ద ఖర్చు కాదు, జేబులో పడుతుంది. బీర తీగ చివరో, అలసంద కాయ కాడో, మిరప లేతాకు అడుగో చూడండి. అలసంద మీద నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి, బీర, దోస మీద పసుపు పచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ దాకా ఉంటాయి. ఒంటి పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు. వెనక భాగంలో రెండు చిన్న గొట్టాలు పైకి పొడుచుకొని ఉంటే అది పేనుబంకే, సందేహం లేదు.

కాసేపు ఓపిక పట్టి ఒకే పురుగును చూస్తే ఇంకో సంగతి కనపడుతుంది. వెనక నుంచి చిన్న పిల్ల మెల్లగా బయటికొస్తుంది. గుడ్డు కాదు, కాళ్లు కదిలించే పిల్ల. మన వేడి ప్రాంతాల్లో దాదాపు అన్నీ ఆడవే, మగదానితో పని లేకుండానే పిల్లల్ని పెడతాయి. ఆ పిల్ల వారం, పది రోజుల్లో తల్లవుతుంది. ఒక తీగ మీద నాలుగు పురుగులు చూసి "ఏముందిలే" అనుకుంటే రెండు వారాలకు తీగంతా బంక కారుతూ, చీమలు పట్టి, ఆకులు మసిబారి ఉండేది ఇందుకే.

గుంపు ఇరుకైనా, మొక్క ముదిరినా పుట్టే పిల్లల్లో కొన్నింటికి రెక్కలొస్తాయి. వైరస్‌ను ఊళ్ల మీదుగా మోసేది ఈ రెక్కల పేనే. గాలి ఎటు తోస్తే అటు పోయి, పచ్చగా, పసుపుగా కనపడిన దాని మీద వాలుతుంది. వాలిన మొక్క తనకు పనికొస్తుందో లేదో కంటితో తెలుసుకోలేదు, రుచి చూడాలి. సూదిలాంటి మూతిని ఆకు పైపొరలోకి గుచ్చి కొన్ని సెకన్లు రుచి చూస్తుంది. బొప్పాయి నచ్చదు. లేచి పక్క చెట్టు మీద వాలుతుంది. మళ్లీ గుచ్చుతుంది, మళ్లీ నచ్చదు.

మొదట గుచ్చిన చెట్టు జబ్బుదైతే మూతికి వైరస్ అంటుకుంటుంది. ఆ వైరస్ తయారుచేసే ఒక సహాయక ప్రోటీన్ దాన్ని సూది లోపలి గోడకు బంకలా అతికిస్తుంది. రెండో చెట్టులో గుచ్చగానే అది ఊడి అక్కడ దిగుతుంది. ఎంగిలి చెంచా తీసి ఇంకో గిన్నెలో పెట్టినట్టే. అంటించుకోవడానికి ఒక నిమిషం కూడా పట్టదు, దించడానికీ పట్టదు.

ఈ ఎంగిలి నుంచి మూడు సంగతులు తెలుస్తాయి. మొదటిది, మందు తగిలిన పురుగు చావడానికి నిమిషాలో, గంటలో పడుతుంది. గుచ్చడానికి సెకన్లు చాలు. చచ్చే పురుగు కూడా చచ్చేలోపు జబ్బు అంటించే పోతుంది. రెండోది, కొన్ని మందులు పడగానే పురుగు చికాకుతో ఒక చోట నిలవకుండా చెట్టు చెట్టుకూ తిరుగుతుంది, అప్పుడు మేలు కన్నా కీడే ఎక్కువ. మూడోది మనకు అనుకూలమైన సంగతి. ఈ ఎంగిలి ఎక్కువసేపు నిలవదు. నాలుగైదు చోట్ల గుచ్చినా, కొద్ది గంటలు గడిచినా మూతి శుభ్రమైపోతుంది. కాబట్టి జబ్బు ఎక్కడో పదూళ్ల అవతల నుంచి కాదు, చాలావరకు దగ్గర నుంచే వస్తుంది. దగ్గరున్న దాన్ని మనం చూడగలం, తీసేయగలం.

నాటే ముందు: చుట్టూ తిరిగి రండి

దుక్కి కన్నా ముందు చేయాల్సిన పని ఇది. మీ చేను చుట్టూ అర కిలోమీటరు దాకా నడిచి రండి. ఏం చూడాలి? పాత బొప్పాయి తోటలు. కాపు అయిపోయి, రేటు లేక, గాలికి వదిలేసిన తోటలు మరీ ముఖ్యం. ఊళ్లో ఇళ్ల వెనక ఒంటరిగా నిలబడ్డ బొప్పాయి చెట్లను కూడా చూడండి. "ఇంటి చెట్టే కదా" అని ఎవరూ పట్టించుకోరు, రెండేళ్లుగా రోగంతో అలాగే నిలబడి ఉంటుంది.

బొప్పాయికి వైరస్ ఎక్కువగా ఇంకో బొప్పాయి నుంచే వస్తుంది. అయితే బీర, దోస, సొర, గుమ్మడి, పుచ్చ లాంటి తీగ పంటలకు కూడా ఇదే వైరస్ సోకుతుంది. పైగా పేనుబంక కాపురం ఉండేది వాటి మీదే. అందుకని తీగ పందిరి పక్కన లేత బొప్పాయి నాటితే ఒకే చోట రెండు తప్పులు చేసినట్టు. బొప్పాయి సాళ్ల మధ్య అంతర పంటగా దోస, పుచ్చ వేసేవాళ్లు ఉన్నారు. మొదటి నెలల్లో నాలుగు రూపాయలు కనపడతాయి, నిజమే. తోట పోతే ఆ నాలుగు రూపాయలు ఎటూ చాలవు. అలసంద కూడా వద్దు, దాని మీద నల్ల పేను పెరగని చేను నేను చూడలేదు.

పాత తోట పక్కవాళ్లదైతే పోట్లాటకు పోకుండా వెళ్లి కూర్చొని మాట్లాడండి. కాపు అయిపోయిన తోటైతే పీకే కూలి ఖర్చులో మీరూ కొంత పెట్టుకోండి. నాకైతే అది మందుల మీద పెట్టే డబ్బు కన్నా ఎంతో నయమనిపిస్తుంది. ఊళ్లో నలుగురైదుగురు బొప్పాయి వేసేవాళ్లు ఉంటే అందరూ ఒకే నెలలో నాటేలా మాట్లాడుకోండి. ఒకరి ముసలి తోట పక్కన ఇంకొకరి పసి తోట ఉండటం కన్నా ఈ వైరస్‌కు మంచి వీలు లేదు.

పక్కనున్న తీగ పందిరిని తీసేయించేటప్పుడు ఒక జాగ్రత్త. పురుగుతో నిండిన తీగలను అలాగే పీకి పడేస్తే, వాడే తీగ మీది నుంచి రెక్కల పేను లేచి మీ చేలోకే వస్తుంది. ముందు సబ్బు నీళ్లో వేపనూనో తీగలు తడిసేలా కొట్టి, పురుగు చచ్చాక పీకండి.

నారు: షేడ్‌నెట్ వేరు, పురుగు నెట్ వేరు

నా మొదటి తోట పోయింది ఇక్కడే. ఒక నర్సరీ నుంచి నారు తెచ్చాను. మొక్కలు ఏపుగా, ఆకులు నిగనిగలాడుతూ ఉన్నాయి. పైన ఆకుపచ్చ షేడ్‌నెట్, పక్కలు తెరిచే ఉన్నాయి. పదడుగుల దూరంలో బీర పందిరి. ఆ పందిరిని నేను చూశాను, చూసి "బాగా కాసిందే" అనుకున్నాను గానీ అంతకు మించి ఆలోచన పోలేదు. నాటిన పద్దెనిమిదో రోజు మొదటి మొక్క కొసాకులో ఈనెలు తెల్లగా మెరిశాయి. నెల తిరిగేసరికి తోటలో అక్కడొకటి, ఇక్కడొకటి, ఏ పక్క అని లేకుండా బయటపడ్డాయి.

జబ్బు అంటుకున్నాక లక్షణం కనపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతదాకా మొక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందుకే నాటిన రెండు మూడు వారాల్లోపే, తోటంతా చెల్లాచెదురుగా మొక్కలు జబ్బుపడితే అది నారుతో పాటు వచ్చిందని అనుకోవచ్చు. తర్వాతెప్పుడో, ఒక గట్టు వైపు నుంచి మొదలై లోపలికి పాకితే బయటి నుంచి వచ్చినట్టు. గింజ ద్వారా మాత్రం ఈ వైరస్ రాదు. మంచి గింజ కొన్నామన్న ధీమా ఇక్కడ పనికిరాదు, గింజ మొలిచాక ఎక్కడ పెరిగిందన్నదే లెక్క.

షేడ్‌నెట్ ఎండను ఆపుతుంది, పురుగును ఆపదు. దాని కళ్లలోంచి పేనుబంక సులువుగా దూరిపోతుంది. మీకు కావాల్సింది అంగుళానికి 40 నుంచి 60 కళ్లున్న సన్నటి నైలాన్ నెట్. వెదురు బద్దలు వంచి, మోకాలెత్తు గుడారంలా కట్టి, అంచులన్నీ మట్టిలో పూడ్చి పెడితే ఎకరానికి సరిపడా నారు మీరే పెంచుకోవచ్చు. ఆరడుగుల ఎడంగా నాటితే ఎకరాకు సుమారు 1200 మొక్కలు పడతాయి, చచ్చేవి పోను ఇంకో పది శాతం ఎక్కువ పోయండి. నీళ్ల పైపు దూరే సందు, కట్టు విప్పి కట్టేటప్పుడు పడే చిరుగు, ఇలాంటి చోట్లే పురుగు దూరేది. రోజూ ఒకసారి చేత్తో తడిమి చూడండి.

నర్సరీలో కొనేట్టయితే వెళ్లి కళ్లారా చూడకుండా బయానా ఇవ్వకండి. లోపలికి పోవడానికి రెండు తలుపులున్నాయా? నెట్‌కు పక్కన తీగ పంటలు గానీ, పాత బొప్పాయి గానీ ఉన్నాయా? లోపల పసుపు జిగురు అట్టలు వేలాడుతుంటే దగ్గరికి పోయి, వాటికి ఏం అంటుకుందో భూతద్దంతో చూడండి. రెక్కల పేను కనపడితే నారు ఎంత అందంగా ఉన్నా వెనక్కి వచ్చేయండి.

జొన్న గోడ

బొప్పాయి నాటడానికి నెల ముందే చేను చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి. కనీసం రెండు సాళ్లు, గాలి వచ్చే వైపు మూడు నాలుగు. దగ్గర దగ్గరగా చల్లండి, గింజ కోసం కాదు గనక పొడుగ్గా పెరిగే మేత జొన్న సరిపోతుంది. పశువులున్న ఇంటికి మేత కూడా దొరుకుతుంది. బొప్పాయి మొదటి సాలుకూ జొన్నకూ మధ్య ఐదారడుగులు వదలండి, నీడ పడకుండా.

ఇది గాలిని ఆపే కంచె మాత్రమే కాదు. ఎగిరి వచ్చే పేను తక్కువ ఎత్తులో వచ్చి ముందు జొన్న మీద వాలుతుంది. అలవాటు కొద్దీ గుచ్చి రుచి చూస్తుంది. మూతికున్న ఎంగిలి అక్కడే వదిలిపోతుంది. జొన్నకు ఈ బొప్పాయి వైరస్ సోకదు. ఒక రకంగా ఇంట్లోకొచ్చే ముందు వాకిట్లో కాళ్లు కడుక్కొని వచ్చినట్టు, మూతి కడుక్కొని వస్తుందన్నమాట. జొన్న దాటి లోపలికొచ్చినా అప్పటికి దాని దగ్గర అంటించడానికి ఏమీ మిగలదు.

రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. జొన్న మూడు నాలుగు నెలల్లో ఎండిపోతుంది, బొప్పాయికి ముప్పు అప్పటికీ తీరదు. మొదటి జొన్న కంకి వేసే వేళకు దాని పక్కన ఇంకో రెండు సాళ్లు చల్లితే గోడ తెగకుండా ఉంటుంది. రెండోది, జొన్న మొవ్వులో కూడా దాని సొంత పేనుబంక పట్టొచ్చు. అది ముదిరితే దానికీ రెక్కలొస్తాయి. వారానికోసారి నాలుగు మొవ్వులు విప్పి చూసి, పడితే వేపనూనె కొట్టండి.

తోటల చుట్టూ అవిశ వేసే అలవాటు మన దగ్గర ఉంది, గాలికి మంచిదే. ఈ పనికి మాత్రం నేను జొన్ననే నమ్ముతాను.

వెండి రంగు షీటు

డ్రిప్పు ఉన్న తోటకు ఇది బాగా పనికొస్తుంది. పైన వెండి రంగు, కింద నలుపు ఉండే 25 లేదా 30 మైక్రాన్ల మల్చింగ్ షీటు, నాలుగడుగుల వెడల్పుది తీసుకోండి. బోదె మీద డ్రిప్పు పైపు పరిచి, దాని మీద షీటు వేసి, అంచులు మట్టితో కప్పి, మొక్క చోట మాత్రం గుండ్రంగా కత్తిరించండి.

పేను వాలడానికి చోటు వెతికేటప్పుడు కింద నేల, పైన ఆకాశం అనే తేడాను వెలుతురును బట్టే పోల్చుకుంటుంది. వెండి షీటు ఆకాశం వెలుతురును కింది నుంచి వెనక్కి కొడుతుంది. దాంతో పురుగు తికమకపడి వాలకుండా దాటిపోతుంది. షీటు మీద మట్టి పేరుకుంటే ఆ మెరుపు పోతుంది, కలుపు తీసేటప్పుడు దాని మీద మట్టి పడేయనీయకండి. చెట్టు గొడుగు పట్టి షీటును కప్పేదాకే దీని పని. అంటే మొదటి మూడు నాలుగు నెలలు. చాలదా అంటే, ఈ జబ్బులో ఆ నెలలే ప్రాణం. పూతకు ముందు జబ్బు పట్టిన చెట్టు కాయే కాయదు, కాసినా పనికిరాదు. కాయలు నిండాక పట్టిన చెట్టు ఆ కాయలను చాలావరకు చేతికిస్తుంది. జబ్బును పూర్తిగా ఆపలేకపోయినా ఆరు నెలలు వెనక్కి నెడితే తోట గట్టెక్కినట్టే.

పసుపు జిగురు అట్టల సంగతి ఇక్కడే చెప్పాలి. వాటితో పేనుబంక అదుపులోకి రాదు, ఎప్పుడొస్తోందో తెలుస్తుందంతే. తోట మధ్యలో కట్టి పురుగును లోపలికి పిలవకండి. జొన్న గోడకు బయటి వైపు ఎకరాకు నాలుగైదు కట్టి వారానికోసారి చూడండి. మబ్బు పట్టి, చలిగా ఉన్న రోజుల్లో అట్టలకు రెక్కల పేను ఎక్కువ అంటుకోవడం మీకే కనపడుతుంది. ఆ వారాల్లో తోటలో నడక పెంచండి.

వారానికి ఒక నడక, చేతిలో సంచితో

పొద్దున్నే, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వెళ్లండి. ప్రతి సాలూ నడవాలి, గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు. ఒక్కో చెట్టుకు పైనున్న నాలుగైదు లేతాకులు చూడండి, వెలుతురుకు అడ్డంగా పట్టుకొని చూస్తే ఇంకా మంచిది.

మొదట కనపడేది లేతాకు ఈనెలు పారదర్శకంగా, తెల్లగా మెరవడం. తర్వాత ఆకు మీద లేత పచ్చ, ముదురు పచ్చ కలగలిసి మొజాయిక్ గచ్చులా అవుతుంది. ఆ వెంటనే ఆకు కాడ మీద, కాండం పైభాగంలో నూనె మరకల్లాంటి ముదురు పచ్చ గీతలు వస్తాయి. నేను అన్నిటికన్నా నమ్మేది ఈ గీతలనే. వేలితో రుద్దితే పోవు, తడి లేకుండానే తడిసినట్టు కనపడతాయి. ఇంకొన్నాళ్లకు ఆకు తాడులా సన్నబడుతుంది. కాయ మీద ఉంగరాలు వచ్చేసరికి చాలా ఆలస్యమైనట్టు.

తొందరపడి మంచి చెట్టును పీకకండి, వైరస్‌లా కనపడేవి ఇంకా ఉన్నాయి. పక్క చేలో 2,4-డి కలుపు మందు కొడితే గాలికి కొట్టుకొచ్చి బొప్పాయి ఆకు అచ్చం తాడులాగే సన్నబడుతుంది. అప్పుడు ఆ గాలి వైపు చెట్లన్నీ ఒకేసారి అలా అవుతాయి, కాడ మీద నూనె గీతలుండవు, తర్వాత వచ్చే ఆకులు కోలుకుంటాయి. కొసాకులు బిరుసెక్కి ముడుచుకుంటే అడుగు భాగాన్ని భూతద్దంతో చూడండి, కంటికి కనపడని నల్లి ఉండొచ్చు. కాయ గడ్డలు కట్టి, పాలు కారుతూ ఉంగరాలు లేకుండా ఉంటే బోరాన్ లోపం కావచ్చు. ఆకులు కిందికి బోర్లించిన గిన్నెలా ముడుచుకొని, ఈనెలు లావెక్కితే అది తెల్లదోమ తెచ్చే ఆకుముడత. అదీ వైరసే, దాన్నీ పీకాల్సిందే.

జబ్బని తేలాక రేపటికి వాయిదా వేయకండి. ఇది చేతులు రాని పని, నాకు తెలుసు. గింజకింత అని పెట్టి కొని, నాలుగు నెలలు నీళ్లు పోసి పెంచిన చెట్టు. కానీ ఆ ఒక్క చెట్టు తోటలో నిలబడి ఉన్నంత కాలం, దాటిపోయే ప్రతి పేనూ అక్కడ ఎంగిలి చేసుకొని పక్క చెట్టుకు పోతుంది. వేళ్లతో సహా పీకండి. మొదలు వదిలేసి నరికితే మళ్లీ చిగురిస్తుంది, ఆ చిగుళ్లలోనూ వైరస్ ఉంటుంది. పీకినదాన్ని గట్టు మీద పడేయకుండా సంచిలో పెట్టి తోట అవతల గుంత తీసి పూడ్చండి. మొదటి రెండు నెలల్లో అయితే ఖాళీలో కొత్త మొక్క పెట్టొచ్చు, ఆ తర్వాత పెట్టినది పెద్ద చెట్ల నీడలో ఎదగదు.

ఎంతదాకా పీకాలి? పూత రాకముందు అయితే ఎన్ని కనపడితే అన్ని, మొహమాటం లేకుండా. తోటంతా కాయ పట్టాక, ఎక్కడ చూసినా జబ్బే కనపడుతుంటే ఇక పీకి లాభం లేదు. ఉన్న కాయను దించుకోవడం మీద మనసు పెట్టండి. ఆ కాయ తిన్నవాళ్లకు ఏమీ కాదు, ఈ వైరస్ మనుషులకు సోకదు. తీపి మాత్రం తగ్గుతుంది, అందుకే వ్యాపారి రేటు కోస్తాడు.

మందుల సంగతి

వైరస్ పట్టిన బొప్పాయిని బాగుచేసే మందు లేదు. ఏ కొట్టులో ఎవరు ఏ డబ్బా చూపించినా ఈ మాట మరిచిపోకండి. జింకు, బోరాన్ లాంటి సూక్ష్మపోషకాలు కొడితే కొత్త ఆకు పచ్చగా వస్తుంది, అది చూసి వైరస్ తగ్గిందనుకుంటాం. చెట్టుకు కాస్త ఓపిక వచ్చిందంతే, లోపలి వైరస్ లోపలే ఉంది. తోటను నిలబెట్టుకోవడానికి పోషకాలు ఇవ్వండి, తప్పు లేదు, వైద్యం అనుకొని మాత్రం ఇవ్వకండి.

ఈ ఎంగిలిని అడ్డుకోవడానికి కొంత పనికొచ్చేది నూనె. పంటల కోసమే తయారుచేసిన మినరల్ ఆయిల్‌ను లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు కలిపి లేతాకులు రెండు వైపులా తడిసేలా కొడితే, ఆ పలుచటి పొర వైరస్ సూదికి అతుక్కోవడాన్ని చెడగొడుతుంది. కొత్తాకు వస్తూనే ఉంటుంది గనక చిన్న మొక్కలకు వారానికోసారి కొట్టాలి. ఎండ చల్లబడ్డాక కొట్టండి. గంధకం మందులతో కలపకండి, ముందూ వెనకా రెండు వారాలు ఎడం ఉంచండి, లేకపోతే ఆకు మాడుతుంది. ముందు ఐదు మొక్కల మీద కొట్టి నాలుగు రోజులు చూసి ఆ తర్వాత తోటకు పోండి. ఇంజన్ ఆయిల్ ఎవరైనా చెబితే వినకండి, చెట్టు చస్తుంది. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టడం కూడా పురుగు వాలడాన్ని తగ్గిస్తుంది.

రసాయన పురుగుమందు పనిచేసేది పేను కాపురం ఉన్న చోట, అంటే చుట్టుపక్కల తీగ పంటల మీద, అలసంద మీద, కలుపు మీద. అక్కడ కూడా డబ్బా లేబుల్ మీద ఆ పంట పేరుందో లేదో చూసి, వ్యవసాయ అధికారిని అడిగి కొట్టండి. అక్షింతల పురుగు, దాని నల్లటి మొసలి పిల్లలాంటి లార్వా కనపడుతుంటే నాలుగు రోజులు ఆగండి. పేనును మీ కన్నా బాగా అవే ఏరుకు తింటాయి.

వైరస్‌ను తట్టుకునే బొప్పాయి లేదా అని చాలామంది అడుగుతారు. అమెరికాలోని హవాయి దీవుల్లో 1992లో పూనా అనే ప్రాంతానికి ఈ వైరస్ పాకి తోటలు పోతుంటే, అక్కడి శాస్త్రవేత్తలు వైరస్ పైపొర జన్యువునే బొప్పాయిలో పెట్టి రెయిన్‌బో అనే రకం తెచ్చారు, 1998 నుంచి రైతులు వేస్తున్నారు. మన దేశంలో అలాంటి బొప్పాయి సాగుకు అనుమతి లేదు. కాబట్టి ప్రస్తుతానికి మనకున్నవి నెట్, జొన్న, షీటు, నడక.

అరటి, బత్తాయి ఉన్నవాళ్లకు

ఇప్పటిదాకా చెప్పింది చదివి "పేనుకు మందు కొట్టడం దండగ" అని అరటి తోటలో కూడా ఊరుకోకండి. అక్కడ లెక్క వేరు. అరటిలో ఆకులన్నీ కుచ్చులా నిటారుగా పైకి లేచే బంచీటాప్ వైరస్‌ను మోసేది అరటి పేను. అది అరటి మీదే కాపురం ఉంటుంది, కాండం మొదట్లో పట్టల సందుల్లో గోధుమ రంగులో చీమలతో కలిసి కనపడుతుంది. ఈ వైరస్ సూది మీద ఎంగిలిలా అంటుకోదు. పేను గంటల తరబడి రసం పీల్చాలి, వైరస్ కడుపులోకి పోయి, ఒంట్లో తిరిగి, లాలాజలంలోకి రావాలి. దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఒకసారి వచ్చాక వారాల తరబడి ఆ పేను వైరస్‌ను మోస్తూనే ఉంటుంది.

కాబట్టి ఇక్కడ పురుగును చంపడానికి మనకు సమయం ఉంది. జబ్బు చెట్టును కదిలించక ముందే మొదలూ, పట్టల సందులూ తడిసేలా మందు కొట్టాలి. పురుగు చచ్చాక దుంపతో సహా తవ్వి ముక్కలు చేసి నాశనం చేయాలి. ముందే చెట్టు నరికితే పేనులన్నీ పక్క అరటికి నడిచిపోతాయి. గుర్తు పట్టడానికి ఆకు కాడ మీద ముదురు ఆకుపచ్చలో చుక్క, గీత, చుక్క, గీత వరసగా ఉన్నాయేమో చూడండి. పిలకలు కూడా జబ్బును మోసుకొస్తాయి. తెలియని తోట పిలకలు తేకుండా, వైరస్ పరీక్ష చేసిన టిష్యూ కల్చర్ మొక్కలు తీసుకోండి.

బత్తాయి, నిమ్మలో వచ్చే ట్రిస్టెజా వైరస్ ఈ రెండింటికీ మధ్య రకం. నల్లటి నిమ్మ పేను లేత చిగుళ్ల మీద కాసేపు పీలిస్తే అంటుకుంటుంది, ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. చిగురు వేసే వారాల్లో పేనును చూసుకోవడం ఇక్కడ పనికొస్తుంది. మన సాత్‌గుడి బత్తాయిని రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద అంటు కట్టమనడానికి ఒక కారణం అది ట్రిస్టెజాను తట్టుకోవడమే.

కానీ అదే రంగపూర్ నిమ్మ ఎక్సోకార్టిస్ అనే ఇంకో జబ్బుకు లొంగిపోతుంది, మొదట్లో బెరడు పొట్టు పొట్టుగా లేస్తుంది. అది వైరస్ కాదు, వైరాయిడ్. వైరస్‌కు ప్రోటీన్‌తో చేసిన చొక్కా ఉంటుంది, వైరాయిడ్‌కు అదీ లేదు, ఒట్టి ఆర్‌ఎన్‌ఏ దారం. 1971లో థియోడర్ డైనర్ అనే అమెరికా శాస్త్రవేత్త బంగాళాదుంపలో మొట్టమొదటి వైరాయిడ్‌ను గుర్తించాడు. ఆ బంగాళాదుంప వైరాయిడ్ దారం పొడవు 359 రసాయన అక్షరాలే. చొక్కా లేదు గనక పేను మామూలుగా దాన్ని మోయలేదు. అయితే అదే బంగాళాదుంప మొక్కలో ఆకుచుట్టు వైరస్ కూడా ఉంటే, వైరాయిడ్ దాని చొక్కాలో దూరుతుంది. అప్పుడు పేను వైరస్‌ను మోస్తున్నాననుకొని వైరాయిడ్‌ను కూడా మోసుకుపోతుంది. అరువు చొక్కా తొడుక్కొని బస్సెక్కినట్టు. విత్తన దుంపల తోటల్లో రెండు జబ్బులనూ కలిపి చూడాల్సింది అందుకే.

బత్తాయిలో మాత్రం వైరాయిడ్ పాకేది పేను వల్ల కాదు, మన కత్తి వల్ల, జబ్బు తల్లి చెట్టు నుంచి అంటు కట్టడానికి తీసిన కన్ను వల్ల. కొమ్మ కత్తిరించేటప్పుడు పది చెట్లకో, ఇరవై చెట్లకో కాదు, చెట్టు చెట్టుకూ కత్తిని కడగాలి. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం, తొమ్మిది వంతుల నీళ్లు ఒక డబ్బాలో పోసుకొని నడుముకు కట్టుకోండి. రెండు కత్తులుంటే ఒకటి నానుతుండగా ఇంకోదానితో కోయొచ్చు.

తోట ముగిసిన రోజు

బొప్పాయి తోట ముగింపు దాకా వచ్చాక చివరి లారీ పోయిన వారంలోనే చెట్లు తీసేయించండి. "ఇంకో నాలుగు కాయలు దొరుకుతాయిలే" అని నిలబెట్టిన తోట నుంచే వచ్చే సీజన్‌లో మీ కొత్త మొక్కలకో, పక్కవాళ్ల మొక్కలకో జబ్బు పోతుంది. ట్రాక్టరుతో తోయించినా మొదళ్లు పైకి లేచాయో లేదో చూడండి, వేరు నేలలో ఉంటే వానకు చిగురిస్తాయి. రెండు వారాలయ్యాక ఒకసారి వెళ్లి చిగుళ్లు ఏమైనా వచ్చాయేమో వెతకండి. రాలిన కాయల నుంచి మొలిచిన పిల్ల మొక్కలు కూడా ఉంటాయి, వాటినీ పీకేయండి. అవి శుభ్రంగానే పుడతాయి, కానీ ఎవరూ చూడని చోట పెరిగి జబ్బు తగిలించుకుంటాయి. కొత్త తోట అదే చేలో అనుకుంటే మధ్యలో ఒక పంట జొన్నో, మొక్కజొన్నో, వరో తీసుకొని, ఆ ఖాళీ నెలల్లో నెట్ కింద నారు పోసుకోండి.